తెర అడుగున ఐకాన్ల వరుస

పాత మెకింటాష్ వాడినవాళ్లు ఎక్కడ కలిసినా ముందుగా గుర్తు చేసుకునేది ఆ వరుసనే. స్విచ్ వేయగానే ఒక మోత, నవ్వుతున్న చిన్న కంప్యూటర్ బొమ్మ, 'వెల్‌కమ్ టు మెకింటాష్' అనే పలకరింపు. ఆ వెంటనే తెర అడుగున, ఎడమ అంచు నుంచి, ఒకటొకటిగా ఐకాన్లు వచ్చి చేరేవి. ఒక్కోటి పడుతున్నప్పుడల్లా హార్డ్ డిస్క్ గరగరమనేది. ఏ ఐకాన్ తర్వాత ఏది వస్తుందో రోజూ చూసేవాళ్లకు కంఠస్థం. వరుస నిండి డెస్క్‌టాప్ కనిపిస్తే సరే. మధ్యలో ఆగిందంటే మాత్రం ఆ పూట చేయాల్సిన పని మారిపోయినట్టే.

ఆ వరుస ఎందుకు ఆగేదో, ఆగితే ఎలా దారిలో పెట్టాలో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. అటక మీంచి పాత యంత్రాన్ని దించి మళ్లీ నడిపిస్తున్నవాళ్లూ, కొత్త కంప్యూటర్‌లో పాత యంత్రాన్ని అనుకరించే బసిలిస్క్, షీప్‌షేవర్ లాంటి ఎమ్యులేటర్లలో పాత సిస్టమ్‌ను బతికిస్తున్నవాళ్లూ ఇప్పటికీ అవే చిక్కుల్లో పడుతున్నారు. అందుకే ఇదంతా.

ఆ ఐకాన్లలో ఒక్కోటీ ఒక చిన్న ప్రోగ్రామ్. మెకింటాష్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, సిస్టమ్ 6 వెర్షన్ దాకా, వీటిని ఇనిట్ అనేవాళ్లు. ఫైల్లో ఉండే నాలుగు అక్షరాల రిసోర్స్ పేరే వాటికి పేరైంది. 1991 మేలో వచ్చిన సిస్టమ్ 7 వాటికి ఎక్స్‌టెన్షన్ అని మర్యాదైన పేరు పెట్టింది, సిస్టమ్ ఫోల్డర్ లోపల ఎక్స్‌టెన్షన్స్, కంట్రోల్ ప్యానెల్స్ అని విడివిడి ఫోల్డర్లు ఇచ్చింది. కొత్తది దొరికితే సిస్టమ్ ఫోల్డర్ ఐకాన్ మీద పడేస్తే చాలు, ఏది ఎక్కడికి పోవాలో అదే అడిగి సర్దేది. ఇన్‌స్టాల్ చేయడం అంత తేలిక కాబట్టే అందరి మ్యాకుల్లోనూ అవి పుట్టలుగా పెరిగాయి. మెనూ బార్ మీద గడియారానికి సూపర్‌క్లాక్, తెర కాపాడటానికి ఆఫ్టర్ డార్క్, వైరస్‌లకు డిసిన్ఫెక్టెంట్, కీబోర్డ్ షార్ట్‌కట్లకు క్విక్‌కీస్, ఫాంట్లకు సూట్‌కేస్. ఒక్కోటీ విడిగా చూస్తే ముద్దొచ్చే పనితనం. అన్నీ ఒక చోట చేరితేనే పేచీ.

పేచీ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే అవి చేసే పని కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. మెకింటాష్‌లో విండో గీయాలన్నా, మెనూ తెరవాలన్నా, ఫైలు చదవాలన్నా ప్రోగ్రాములు ఒక చిరునామాల పట్టిక మీదుగా వెళ్లేవి. మోటరోలా 68000 ప్రాసెసర్‌కు హెక్సాడెసిమల్ 'ఎ'తో మొదలయ్యే ఆదేశాలంటే సొంతంగా ఏ అర్థమూ లేదు. అలాంటిది ఎదురైతే అది చేస్తున్న పని ఆపి సిస్టమ్‌ను పిలుస్తుంది. సిస్టమ్ ఆ నంబరు చూసి, పట్టికలో దానికి ఎదురుగా రాసి ఉన్న చిరునామాకు పంపిస్తుంది. దీన్నే ట్రాప్ అంటారు. ఎక్స్‌టెన్షన్ చేసేదల్లా ఆ పట్టికలోని చిరునామాను తన దగ్గర దాచుకుని, దాని స్థానంలో తన చిరునామా రాయడం. అక్కణ్నుంచి ఆ పిలుపు ముందు తనకే వస్తుంది. తన పని కాస్తా చూసుకుని, దాచుకున్న పాత చిరునామాకు అప్పజెబుతుంది. దీనికి ప్యాచ్ చేయడం అని పేరు.

రెండో ఎక్స్‌టెన్షన్ వచ్చి అదే ట్రాప్‌ను ప్యాచ్ చేస్తే? దానికి పట్టికలో కనిపించేది మొదటి దాని చిరునామా. దాన్ని దాచుకుని తనది రాసుకుంటుంది. మూడోది వస్తే ఇంకో మెట్టు. అంటే చివర ఎక్కిందే పిలుపును ముందు అందుకుంటుంది. ఎవరు ముందు ఎక్కారు, ఎవరు తర్వాత ఎక్కారు అన్నది అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే. గొలుసులో ఒక్కరు పాత చిరునామాకు అప్పజెప్పడం మరిచినా, అప్పజెప్పేటప్పుడు ఒక రిజిస్టర్‌ను, అంటే ప్రాసెసర్ అంకెలు ఉంచుకునే చిన్న గదిని, పాడు చేసినా, వాళ్ల కింద ఉన్నవాళ్లందరికీ ఆ దెబ్బ తగులుతుంది. ప్రోగ్రామ్ కుప్పకూలిందని చెప్పే బాంబు బొమ్మ పడేది మాత్రం ఏ పాపమూ ఎరగని వర్డ్ ప్రాసెసర్ మీద.

ఇంకో సూక్ష్మం ఉంది, చాలామంది ప్రోగ్రామర్లు కూడా దీని దగ్గరే బోల్తా పడ్డారు. ఆపిల్ తన రోమ్‌లో, అంటే యంత్రంలో చెరపలేకుండా ముద్రించిన కోడ్‌లో, ఉన్న తప్పులను సరిదిద్దడానికి తానూ ప్యాచ్‌లు వేసేది. వాటిలో కొన్ని, తమను పిలిచింది ఎవరో స్టాక్ మీద, అంటే పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసి ఉంచే మెమరీలో, ఉన్న తిరుగు చిరునామా చూసి తేల్చుకునేవి. రోమ్‌లో ఫలానా చోటి నుంచి పిలుపు వస్తేనే దిద్దుబాటు పని చేయాలి, లేకపోతే వదిలేయాలి. ఎక్స్‌టెన్షన్ తన పని ముందే ముగించుకుని పాత చిరునామాకు నేరుగా దూకితే తిరుగు చిరునామా చెక్కుచెదరదు. అలాకాక పాత దాన్ని పిలిచి, అది పూర్తయ్యాక మళ్లీ తన చేతికి రావాలని కోరుకుంటే, స్టాక్ మీద కనిపించేది ఆ ఎక్స్‌టెన్షన్ చిరునామా. ఆపిల్ దిద్దుబాటు అది చూసి 'ఇది నాకు సంబంధించింది కాదు' అనుకుని ఊరుకుంటుంది. ఎప్పుడో సరిచేసిన రోమ్ తప్పు మళ్లీ బయటికొస్తుంది. మొదటి రకాన్ని హెడ్ ప్యాచ్, రెండో రకాన్ని టెయిల్ ప్యాచ్ అనేవాళ్లు. టెయిల్ ప్యాచ్ వేయొద్దని ఆపిల్ చెబుతూనే ఉండేది, అవసరం ఉన్నవాళ్లు వేస్తూనే ఉండేవాళ్లు.

వీటన్నిటి మధ్యా గోడలు లేవు. సిస్టమ్, ఎక్స్‌టెన్షన్లు, తెరిచి ఉన్న ప్రోగ్రాములు అన్నీ ఒకే మెమరీలో, ఒకరి వస్తువు ఒకరు తాకగలిగేంత దగ్గరలో ఉండేవి. ఒకటి తన హద్దు దాటి నాలుగు బైట్లు రాసినా అడిగే నాథుడు లేడు. ఆ నాలుగు బైట్లు ఎవరివో వాళ్లు చదువుకున్నప్పుడే తెలిసేది.

సిస్టమ్ 7లో ఎక్కే క్రమం ఇది. ముందు ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లో ఉన్నవి అక్షర క్రమంలో, తర్వాత కంట్రోల్ ప్యానెల్స్ ఫోల్డర్‌లో ఉన్నవి అక్షర క్రమంలో, చివరికి సిస్టమ్ ఫోల్డర్‌లో విడిగా పడి ఉన్నవి. కాబట్టి క్రమం మార్చాలంటే పేరు మార్చాలి, లేదా చోటు మార్చాలి. ముందుకు తేవాలంటే పేరు మొదట్లో ఒక ఖాళీ. ఇంకా ముందుకైతే రెండు ఖాళీలు. వెనక్కి నెట్టాలంటే పేరు ముందు టిల్డె గుర్తు, లేదా ఆప్షన్ కీతో 8 నొక్కితే వచ్చే నల్ల చుక్క. అడోబీ టైప్ మేనేజర్ ఫైలు పేరు టిల్డెతో మొదలయ్యేది ఇందుకే. అందరూ ఎక్కాక తాను ఎక్కాలని దాని తయారీదారులే అలా పేరు పెట్టారు. పేరుకు మొత్తం 31 అక్షరాలే చోటు, ఖాళీలు చేర్చేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు తమ పేరు మారితే తమ తోడు ఫైళ్లను వెతుక్కోలేక పనిచేయడం మానేస్తాయి. అలాంటి వాటి పేరు ముట్టుకోకుండా, తగువులో ఉన్న రెండోదాని పేరు మార్చడం మేలు.

ఒక యంత్రం ప్రవర్తనను ఫైలు పేరు మార్చి సరిదిద్దగలగడం, ఇప్పుడు తలుచుకుంటే, ఎంతో గొప్ప సదుపాయం. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. వరుస చదవడం వస్తే చాలు.

వరుస చదవడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఐకాన్లు పడుతూ పడుతూ ఒక చోట ఆగిపోతే, చివర కనిపించిన ఐకాన్‌దే తప్పని దాన్ని తీసేస్తారు. మళ్లీ స్టార్ట్ చేస్తే అక్కడే, దాని ముందు దాని దగ్గర ఆగుతుంది. దాన్నీ తీసేస్తారు. నిజానికి ఐకాన్ గీసేది సిస్టమ్ కాదు, ఆ ఎక్స్‌టెన్షనే తన ఐకాన్‌ను తాను గీసుకుంటుంది. చాలా వాటిల్లో ఆ గీత పని అంతా అయ్యాక జరుగుతుంది. అంటే చివర కనిపించింది క్షేమంగా ఎక్కినట్టు, దాని తర్వాతిది ఎక్కుతూ పడిపోయినట్టు. ఫోల్డర్‌ను పేరు క్రమంలో తెరిచి, చివర కనిపించినదాని కింద ఉన్న పేరును చూడాలి. అసలు ఐకానే గీసుకోనివి కూడా ఉంటాయి కాబట్టి, ఆ కింద రెండు మూడు పేర్లను కలిపి అనుమానించాలి. ఐకాన్ మీద అడ్డంగా కొట్టివేత గుర్తు పడితే అది బాంబు కాదు. 'నేను ఈసారి ఎక్కలేదు' అని ఆ ఎక్స్‌టెన్షన్ తానే చెబుతున్నట్టు. మెమరీ చాలకో, యంత్రం సరిపడకో, మీరే దాన్ని ఆపి ఉంచో అలా జరుగుతుంది.

ఇక అసలు వైద్యం. మొదటి మెట్టు షిఫ్ట్ కీ. రీస్టార్ట్ చేసి, మోత వినిపించాక షిఫ్ట్ నొక్కి పట్టుకుని, పలకరింపు కింద 'ఎక్స్‌టెన్షన్స్ ఆఫ్' అన్న మాట కనిపించేదాకా వదలకూడదు. ముందే వదిలేసి 'షిఫ్ట్ పట్టుకున్నా లాభం లేదు' అనుకున్నవాళ్లు ఎందరో. మాట కనిపించాకే వదలాలి. ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. ఎక్స్‌టెన్షన్లన్నీ ఎక్కనిచ్చి, ఆ తర్వాత డెస్క్‌టాప్ వచ్చే ముందు షిఫ్ట్ పట్టుకుంటే ఆగేవి స్టార్టప్ ఐటెమ్స్ ఫోల్డర్‌లోని ప్రోగ్రాములు మాత్రమే. డెస్క్‌టాప్ కనిపించిన క్షణాల్లో బాంబు పడుతుంటే ముందు ఈ రెండోదే చేసి చూడాలి.

షిఫ్ట్‌తో సమస్య పోతే ఎక్స్‌టెన్షన్ల తగువే. పోకపోతే ఎక్స్‌టెన్షన్ల జోలికి వెళ్లి పొద్దు పుచ్చకండి. అప్పుడు చూడాల్సినవి వేరు. డిస్క్ టూల్స్ ఫ్లాపీతో స్టార్ట్ చేసి డిస్క్ ఫస్ట్ ఎయిడ్ నడపాలి. కమాండ్, ఆప్షన్, పి, ఆర్ నాలుగు కీలు పట్టుకుని, సెట్టింగులు దాచే పీరామ్ అనే చిన్న మెమరీని చెరపాలి. వెనక స్కజీ గొలుసు, అంటే ఒకదానికొకటి తగిలించిన డిస్కుల్లాంటి పరికరాల వరుస, ఉంటే, దానిలో రెండు పరికరాలకు ఒకే నంబరు పడిందేమో చూడాలి. మ్యాక్‌దే 7, లోపలి హార్డ్ డిస్క్‌ది 0, మిగిలినవాటికి మధ్య నంబర్లు. గొలుసు రెండు చివర్లా టెర్మినేటర్ ఉండాలి. టెర్మినేటర్ ఊడిన స్కజీ గొలుసు వేసే వేషాలు అచ్చం ఎక్స్‌టెన్షన్ తగువులానే ఉంటాయి. ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు ఆగుతుంది. ఇవేవీ కాకపోతే సిస్టమ్ ఫైలే చెడినట్టు. సిస్టమ్ 7.5 ఇన్‌స్టాలర్‌లో కమాండ్, షిఫ్ట్, కె నొక్కితే పాత సిస్టమ్ ఫోల్డర్‌ను పక్కన పెట్టి పూర్తిగా కొత్తది వేస్తుంది. తర్వాత పాతదాంట్లోంచి మీ సొంత ఎక్స్‌టెన్షన్లను నాలుగైదు చొప్పున తెచ్చుకోవాలి, అన్నీ ఒక్కసారి కాదు.

షిఫ్ట్‌తో సమస్య పోయిందనుకుందాం. ఇప్పుడు దొంగను పట్టాలి. అన్నీ ఒక్కొక్కటిగా తీసి చూస్తే 32 ఎక్స్‌టెన్షన్లకు 32 రీస్టార్టులు పట్టొచ్చు. సగం సగం పద్ధతిలో అయితే 16, 8, 4, 2, 1, అంటే అయిదు. ఈ లెక్క అందరికీ తెలుసు. కానీ లెక్క తెలిసినా చేతిలో ఫలితం రాకపోవడానికి కారణం, ఏ సగాన్ని ఆపాలి, ఏ సగాన్ని నడవనివ్వాలి అన్నది సరిగా చూసుకోకపోవడం.

సూత్రం ఒక్కటే. ఎప్పుడూ సమస్య కనిపిస్తున్న అమరికను చేతిలో ఉంచుకుని దాన్నే చిన్నది చేస్తూ పోవాలి. 32లో 16 ఆపారు. సమస్య ఇంకా ఉంది. అయితే ఆపిన 16తో పని లేదు, వాటిని అలాగే ఆపి ఉంచి, నడుస్తున్న 16లో 8 ఆపండి. అలా కాక, 16 ఆపగానే సమస్య పోయింది. ఇక్కడే చాలామంది నడుస్తున్న 16ను నిర్దోషులుగా తేల్చి ఆపేసి, మిగతా 16ను ఒంటరిగా పరీక్షిస్తారు. అది తప్పు. తగువుకు ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఈ సగంలో, మరొకరు ఆ సగంలో ఉంటే, ఏ సగాన్ని విడిగా నడిపినా యంత్రం చక్కగా పనిచేస్తుంది. రెండూ కలిపితేనే పడిపోతుంది. కాబట్టి నడుస్తున్న 16ను నడవనిచ్చి, ఆపిన 16లోంచి 8 మాత్రం తిరిగి తేవాలి. సమస్య తిరిగొస్తే ఆ 8లో ఉంది, రాకపోతే మిగతా 8లో ఉంది. ఇలా ఒక దొంగ దొరుకుతాడు. ఇప్పుడు ఆ ఒక్కణ్నే ఉంచి, మొదటి 16ను సగం సగం చేస్తూ పోతే రెండోవాడు దొరుకుతాడు. ఒక్కో రీస్టార్ట్‌కు రెండు మూడు నిమిషాలు పట్టినా గంటలోపు అయిపోయే పని. కాగితం మీద రాసుకుంటూ చేయాలి, మనసులో పెట్టుకుని కాదు. ఆరో రీస్టార్ట్ దగ్గర ఎవరికైనా తడబాటు వస్తుంది.

సగాలు చేసేటప్పుడు ఒకరి మీద ఒకరు ఆధారపడినవాటిని విడదీయకూడదు. క్విక్‌టైమ్‌ను ఆపి దాని తోడు ఎక్స్‌టెన్షన్ పవర్‌ప్లగ్‌ను ఉంచితే కొత్త సమస్య పుట్టి పాతదాన్ని కప్పేస్తుంది. అలాంటి జంటలను ఒక్కటిగానే లెక్కపెట్టాలి.

ఇంకో తేలిక దారి కూడా ఉంది. ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ స్టార్టప్‌లో ఎక్కవు. లేజర్‌రైటర్, స్టైల్‌రైటర్ లాంటి ప్రింటర్ డ్రైవర్లు ప్రింటర్‌ను ఎంచుకునే చూజర్ అనే కిటికీలో ఎంచుకునేదాకా నిద్రపోతాయి. షేర్డ్ లైబ్రరీలు ఎవరైనా అడిగినప్పుడే మెమరీలోకి వస్తాయి. కంట్రోల్ ప్యానెల్స్‌లోనూ లోపల ఇనిట్ కోడ్ ఉన్నవే ఎక్కుతాయి. వీటిని మొదటి విడతలో పక్కన పెడితే 60 పేర్ల జాబితా సగానికి సగం తగ్గిపోతుంది.

దొంగలిద్దరూ దొరికాక వెంటనే ఒకదాన్ని చెత్తబుట్టలో వేయడం అన్యాయం. ముందు క్రమం మార్చి చూడాలి. వెనకది ముందుకు, ముందుది వెనక్కు. రెండు రీస్టార్టుల పని. ఎన్నో తగువులు ఇక్కడే తీరిపోయేవి. తీరకపోతే రెండిటి ప్రిఫరెన్సెస్ ఫైళ్లను డెస్క్‌టాప్ మీదకు తీసి మళ్లీ స్టార్ట్ చేయాలి. చెడిన ప్రిఫరెన్సెస్ ఫైలు తగువులా కనిపించడం మామూలే. అప్పటికీ తీరకపోతే కొత్త వెర్షన్ కోసం వెతకాలి. ఉన్న మెమరీని ఎక్కువ చేసి చూపించే రామ్ డబ్లర్, సిస్టమ్ వర్చువల్ మెమరీ ఒకే పనికి ఇద్దరు. అలాంటి చోట రాజీ ఉండదు, మెమరీ కంట్రోల్ ప్యానెల్‌లో వర్చువల్ మెమరీ ఆపాల్సిందే.

తగువులన్నీ ట్రాప్‌ల దగ్గరే పుట్టవు. కొన్ని మెమరీ దగ్గర పుడతాయి. సిస్టమ్ 6లో సిస్టమ్ హీప్, అంటే సిస్టమ్ తన కోసం ఉంచుకునే మెమరీ, సైజు డిస్క్ బూట్ బ్లాకుల్లో ముందే రాసి ఉండేది. ఇనిట్లు పెరిగి అది నిండితే, ఏ తప్పూ లేని చివరి ఇనిట్ పడిపోయేది. దాన్ని తీసేస్తే అంతా బాగుపడేది, దానికి చెడ్డ పేరు మిగిలేది. నిజానికి వాటిలో ఏ ఒక్కదాన్ని తీసినా అదే ఫలితం. ఇదే గుర్తు. ఏది తీసినా సమస్య పోతుంటే అది తగువు కాదు, ఇరుకు. అప్పుడు హీప్ సైజు పెంచే యుటిలిటీ వాడాలి. సిస్టమ్ 7లో హీప్ తనంతట తాను పెరుగుతుంది కాబట్టి ఈ జబ్బు దాదాపు పోయింది, కానీ ఆ మెమరీ ప్రోగ్రాముల నుంచి తగ్గుతుంది. 4 మెగాబైట్ల యంత్రంలో అది చిన్న విషయం కాదు. ఎంత పోతోందో చూడటం తేలిక. ఆపిల్ మెనూలో 'అబౌట్ దిస్ మెకింటాష్' తెరిచి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పక్కన ఉన్న అంకె రాసుకోవాలి. షిఫ్ట్‌తో స్టార్ట్ చేసి మళ్లీ చూడాలి. ఆ రెండు అంకెల తేడాలో ఎక్కువ భాగం ఎక్స్‌టెన్షన్ల ఖర్చే.

ఆ కిటికీలోనే ఇంకో మోసం కూడా కనిపిస్తుంది. 20 మెగాబైట్ల రామ్ ఉన్న యంత్రంలో సిస్టమ్ ఒక్కటే పన్నెండు పదమూడు తిన్నట్టు కనిపిస్తే ఏదో ఎక్స్‌టెన్షన్ మింగేస్తోందని కంగారు పడక్కర్లేదు. మెమరీ కంట్రోల్ ప్యానెల్‌లో 32 బిట్ అడ్రసింగ్ ఆఫ్ అయి ఉంటుంది. 24 బిట్ పద్ధతిలో 8 మెగాబైట్లకు మించిన రామ్ వాడుకోలేక, మిగిలినదంతా సిస్టమ్ ఖాతాలో చూపిస్తుంది. ఇప్పుడు పాత యంత్రాలను నడిపేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. కారణం లోపల చచ్చిపోయిన 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ. పీరామ్‌లో రాసుకున్న సెట్టింగులన్నీ దాంతో పోతాయి. తేదీ 1904కో 1956కో వెళ్లిపోయి ఉంటే అదే సాక్ష్యం. బ్యాటరీ కారి మదర్‌బోర్డును తినేయకముందే దాన్ని బయటికి తీయాలి. మిగతా పనులన్నిటికంటే ముందు చేయాల్సింది ఇది.

32 బిట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని వెనక ఉన్న తగువు కూడా చెప్పుకోవాలి. మొదటి మ్యాకుల్లో చిరునామాకు 24 బిట్లే పని చేసేవి. మిగిలిన పై 8 బిట్లు ఖాళీ. రోమ్ రాసినవాళ్లూ, ఇనిట్లు రాసినవాళ్లూ ఆ ఖాళీలో తమ చిన్న చిన్న గుర్తులు దాచుకున్నారు. సిస్టమ్ 7 మొత్తం 32 బిట్లనూ చిరునామాగా చదవడం మొదలుపెట్టేసరికి ఆ గుర్తులన్నీ తప్పుడు చిరునామాలయ్యాయి. పాత ఇనిట్ ఒకటి 32 బిట్ అడ్రసింగ్ ఆన్ చేయగానే పడిపోతూ, ఆఫ్ చేస్తే నడుస్తుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. దాన్ని వదులుకోవాలి, లేదా 8 మెగాబైట్లకే సరిపెట్టుకోవాలి. ఎస్‌ఈ/30 లాంటి కొన్ని యంత్రాల రోమ్‌కే ఈ లోపం ఉండేది. దాన్ని తీర్చింది కూడా ఒక ఎక్స్‌టెన్షనే, కనెక్టిక్స్ వారి మోడ్32. యంత్రం పుట్టుక లోపాన్ని సిస్టమ్ ఫోల్డర్‌లో పడేసిన ఒక చిన్న ఫైలు సరిచేయగలిగింది.

1991లో 68040 ప్రాసెసర్‌తో క్వాడ్రాలు వచ్చినప్పుడు మరో రకం గొడవ మొదలైంది. ఆ ప్రాసెసర్‌కు ఆదేశాలకో క్యాష్, డేటాకో క్యాష్, అంటే దాని లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలు. ఇనిట్ తన కోడ్‌ను ఒక చోటి నుంచి సిస్టమ్ హీప్‌లోకి కాపీ చేస్తుంది కదా, ఆ కాపీ డేటా క్యాష్‌లోనే ఉండిపోయి రామ్‌కు చేరకముందే ప్రాసెసర్ అదే చోటు నుంచి ఆదేశాలు తెచ్చుకోబోతే దొరికేది పాత చెత్త. క్యాష్ ఖాళీ చేయాలన్న సంగతి తెలియని కాలంలో రాసిన ఇనిట్లన్నీ ఇలా దెబ్బతిన్నాయి. ఆపిల్ అందుకే క్యాష్ స్విచ్ అనే కంట్రోల్ ప్యానెల్ ఇచ్చింది. క్యాష్ తగ్గించగానే సమస్య పోతే కారణం ఇదే, యంత్రం మాత్రం బాగా నెమ్మదిస్తుంది.

బాంబు డబ్బాలో పడే నంబర్ల గురించి చాలామంది అడుగుతుంటారు. 1 అంటే బస్ ఎర్రర్, 2 అడ్రస్ ఎర్రర్, 3 తెలియని ఆదేశం, 12 అంటే పట్టికలో లేని ట్రాప్, 25 మెమరీ చాలకపోవడం, 28 స్టాక్ వెళ్లి హీప్‌ను గుద్దుకోవడం. నా లెక్కలో వీటిలో పనికొచ్చేవి 25, 28 మాత్రమే, ఎందుకంటే అవి మెమరీ వైపు చూపిస్తాయి. 1, 2, 3 ఎక్కడ పడ్డారో చెబుతాయి, ఎవరు తోశారో చెప్పవు. పవర్ మ్యాకుల్లో విసిగించిన టైప్ 11 అయితే అన్నిటికీ కలిపి ఒక్కటే పేరు. తోసినవాడు ఎవరో తెలియాలంటే మ్యాక్స్‌బగ్ అనే డీబగ్గర్‌ను, అంటే తప్పులు వెతికే ప్రోగ్రామ్‌ను, సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. పలకరింపు కింద 'డీబగ్గర్ ఇన్‌స్టాల్డ్' అని కనిపిస్తే అది ఎక్కినట్టు. పడిపోయినప్పుడు బాంబు బదులు అక్షరాల తెర వస్తుంది. అక్కడ డబ్ల్యూ, హెచ్ అని టైప్ చేస్తే ఆగిన చోటు ఏ బ్లాక్ లోపలిదో చూపిస్తుంది. ఆర్, ఎస్ అంటే రీస్టార్ట్.

సిస్టమ్ 6 కాలంలో వీటిని ఆపాలంటే ఫ్లాపీతో స్టార్ట్ చేసి, ఇనిట్లను చేత్తో సిస్టమ్ ఫోల్డర్ బయటికి లాగాల్సి వచ్చేది. 1994లో సిస్టమ్ 7.5తో పాటు ఎక్స్‌టెన్షన్స్ మేనేజర్ వచ్చింది. రికార్డో బటిస్టా రాసి ఉచితంగా ఇచ్చినదాన్నే ఆపిల్ సిస్టమ్‌లో చేర్చుకుంది. స్టార్టప్‌లో స్పేస్ బార్ పట్టుకుంటే జాబితా తెరుచుకుంటుంది, వద్దనుకున్నదాని టిక్ తీసేస్తే అది డిసేబుల్డ్ అన్న ఫోల్డర్‌లోకి వెళుతుంది. చేసే మాయ అంతే, ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మార్చడం. అందుకే మేనేజర్ మొరాయించినా చేత్తో అదే పని చేయొచ్చు. 1997లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 7.6 నుంచి దానిలో వెర్షన్, ప్యాకేజీ వరుసలూ, ఆపిల్‌వి మాత్రమే ఉండే తాళం వేసిన బేస్ సెట్టూ చేరాయి. తగువు వెతికేవాళ్లకు ఆ బేస్ సెట్ వరం. దానితో యంత్రం నడిస్తే అనుమానితుల జాబితాలో మిగిలేవి బయటివాళ్లవే. ముందు ఆ సెట్‌ను డూప్లికేట్ చేసి, మీ పేరు పెట్టుకుని దానిలో మార్పులు చేయండి.

కానీ పనితనం విషయంలో కన్‌ఫ్లిక్ట్ క్యాచర్‌కు సాటి వచ్చింది లేదు. కసాడీ అండ్ గ్రీన్ అమ్మిన ఈ ప్రోగ్రామ్‌ను రాసింది జెఫ్రీ రాబిన్. ఆయన తర్వాత సౌండ్‌జామ్ మీద పనిచేశారు, దాన్నుంచే ఐట్యూన్స్ పుట్టింది. పైన చెప్పిన సగం సగం పద్ధతినంతా ఇది తానే చేసేది. ఏవి ఆపాలో తానే ఎంచుకుని రీస్టార్ట్ చేసి, 'సమస్య ఉందా, పోయిందా?' అని ఒక్క ప్రశ్న అడిగేది. సమాధానం చెబితే మళ్లీ రీస్టార్ట్. కాగితం, పెన్సిల్ అక్కర్లేదు. ఎక్కుతూ ఎవరైనా పడిపోతే తర్వాతి స్టార్టప్‌లో వాళ్ల పేరు చెప్పి, ఆపమంటారా అని అడిగేది. ఫలానా రెండూ కలిసి ఎక్కకూడదు, ఫలానాది ఫలానాదాని ముందే ఎక్కాలి అని ముళ్లు వేసి పెట్టుకునే వీలూ ఇచ్చింది. పేర్ల ముందు ఖాళీలు, టిల్డెలు పెట్టే అవసరం దాంతో తీరిపోయింది.

డాస్ వాడినవాళ్లు ఇదంతా చదివి తమ కథే అనుకుంటే పొరపాటేమీ లేదు. అక్కడ టీఎస్‌ఆర్‌లు అనే, మెమరీలోనే ఉండిపోయే చిన్న ప్రోగ్రాములు ఇంటరప్ట్ పట్టికలో చిరునామాలు మార్చేవి, 640 కిలోబైట్ల కోసం కొట్టుకునేవి. 1993లో ఎమ్ఎస్ డాస్ 6 వచ్చాకే ఎఫ్5తో అన్నీ దాటవేయడం, ఎఫ్8తో ఒక్కో వరుసకూ అవును, కాదు చెప్పడం సాధ్యమైంది. అక్కడ క్రమం కాన్‌ఫిగ్ ఫైల్లో రాసుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ పేర్లలో ఉంటుంది.

ఇప్పుడు పాత మ్యాక్‌ను కొత్తగా సిద్ధం చేసుకునేవాళ్లకు ఒక్క అలవాటు చెప్పాలి. సిస్టమ్ వేయడం పూర్తవగానే, ఇంకేదీ చేర్చకముందే, ఎక్స్‌టెన్షన్స్, కంట్రోల్ ప్యానెల్స్ రెండు ఫోల్డర్లలోనూ అన్నిటినీ ఎంచుకుని ఫైండర్ లేబుల్ మెనూలో ఒక రంగు వేయండి. ఆ తర్వాత చేరేదేదైనా రంగు లేకుండా కనిపిస్తుంది. ఏ ఇన్‌స్టాలర్ ఏం పడేసిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇన్‌స్టాలర్లు చెప్పకుండా పడేసేవి తక్కువేం కాదు. మ్యాక్ ఓఎస్ 8లో సిస్టమ్ ఫైల్లోనే కలిసిపోయిన ఆబ్జెక్ట్‌సపోర్ట్‌లిబ్ అనే లైబ్రరీని, పాత ఇన్‌స్టాలర్లు మళ్లీ మళ్లీ ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లో పెట్టి పోయేవి. దాన్ని తీసేస్తే పోయే బాంబులు ఎన్నో.

2001 మార్చిలో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చింది. ఒక్కో ప్రోగ్రామ్ చుట్టూ గోడ లేచింది. పట్టికలో చిరునామాలు మార్చే కాలం పోయింది. కానీ పాత ప్రోగ్రాముల కోసం అందులో క్లాసిక్ అనే గది ఉంచారు. క్లాసిక్ మొదలవుతున్నప్పుడు ముందుకు కదిలే గీతతో ఒక చిన్న కిటికీ వచ్చేది. దాని పక్కన ఒక త్రిభుజం ఉండేది. దాన్ని నొక్కితే కిటికీ కిందికి విప్పుకుని, మ్యాక్ ఓఎస్ 9 స్టార్టప్ తెర కనిపించేది. దాని అడుగున ఎడమ అంచు నుంచి మళ్లీ అవే ఐకాన్లు, అదే క్రమంలో. 2007లో 10.5 వెర్షన్‌తో ఆ గది మూసేసేదాకా అవి అలా వస్తూనే ఉన్నాయి.